లూసర్న్ పొడి కొననక్కర్లేదు: జనుము, జీలుగతో పచ్చిరొట్ట ఎరువు, దాని అసలు లెక్క

ఈమధ్య సెల్‌ఫోన్ వీడియోల్లో ఆల్ఫాల్ఫా పొడి, ఆల్ఫాల్ఫా గుళికల మాట తరచుగా వినిపిస్తోంది. విదేశాల్లో ఇంటి ముందు పెంచే లాన్‌కు, గులాబీ మొక్కలకు దీన్ని సేంద్రియ ఎరువుగా చల్లుతారు. గడ్డి పచ్చగా, దట్టంగా వస్తుంది. అది చూసిన రైతులకు "ఇదేదో మన చెరకుకు, వరికి కూడా వేస్తే పోలేదా?" అన్న ఆలోచన రావడం సహజం. అనకాపల్లి, చోడవరం, మాడుగుల, మునగపాక ప్రాంతాల చిన్న రైతులు డబ్బు పెట్టి దాన్ని కొనే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. ఆ పొడి చేసే పనిని మన జనుము, జీలుగ, పిల్లిపెసర అంతకంటే చవకగా చేస్తాయి. అయితే ఏ పైరును ఏ భూమిలో వేయాలి, ఎప్పుడు కలియదున్నాలి, యూరియా ఎంత తగ్గించాలి అన్న మూడు విషయాలు సరిగ్గా చూసుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే పైరు వేసిన శ్రమ వృథా అవుతుంది, అసలు పంట కూడా దెబ్బతింటుంది.

ఆల్ఫాల్ఫా అంటే మన లూసర్నే

పాడి రైతులు పశుగ్రాసంగా పెంచే లూసర్న్‌నే ఆల్ఫాల్ఫా అంటారు. ఇది పప్పుజాతి మొక్క. దీని వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందేలా మారుస్తుంది. అందుకే దీని ఆకులో, కాడలో నత్రజని ఎక్కువ. ఎండబెట్టి పొడి చేస్తే 100 కిలోల్లో సుమారు 2.5 నుంచి 3 కిలోల నత్రజని ఉంటుంది. లేత పప్పుజాతి ఆకు కాబట్టి నేలలో త్వరగా కుళ్లి, అందులోని పోషకాలు మొక్కకు అందుతాయి. ఎరువుగా దాని బలం ఇదే.

లూసర్న్‌లో ట్రయకాంటనాల్ అనే పెరుగుదలను ప్రేరేపించే పదార్థం ఉందన్న ప్రచారం కూడా వింటుంటాం. ఆ మాట నిజమే. 1977లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు లూసర్న్ నుంచి దాన్ని గుర్తించారు. అయితే అది చాలా మొక్కల ఆకుల మీద ఉండే మైనంలోనూ దొరుకుతుంది. ఒక్క లూసర్న్‌కే పరిమితమైన రహస్యం కాదు.

ఇక ఖర్చు చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని లూసర్న్ పొడి నుంచి రావాలంటే 700 నుంచి 800 కిలోల పొడి కావాలి. నాలుగు కుండీలకో, చిన్న లాన్‌కో అయితే కొనవచ్చు. ఎకరం పొలానికి గిట్టదు.

పోనీ లూసర్న్‌నే పొలంలో వేసి కలియదున్నుదామా అంటే అదీ అనుకూలం కాదు. లూసర్న్ చలికాలంలో వేసే పైరు. నీరు బాగా ఇంకే, ఆమ్లగుణం లేని నేలలు కావాలి. వేరు దగ్గర నీరు నిలిస్తే చనిపోతుంది. ఒకసారి వేస్తే కొన్నేళ్లపాటు మేత కోసుకునే పైరు కావడంతో నిదానంగా కుదురుకుంటుంది, తడులు ఎక్కువ కావాలి. వానాకాలంలో నీరు నిలిచే మన పల్లం భూములకు, వరికి ముందు దొరికే 50 రోజుల వ్యవధికి అది సరిపడదు. బోరు, పాడి ఉన్న రైతులు మేత కోసం కొన్ని సెంట్లలో వేసుకోవచ్చు. ఎరువు కోసమైతే వద్దు.

మీ భూమికి ఏ పచ్చిరొట్ట?

జీలుగ: పల్లం భూములకు, వానకు నీరు నిలిచే మడులకు, సముద్రతీర మండలాల్లో కొంచెం ఉప్పుదేలిన భూములకు ఇదే తగినది. ఎకరాకు 12 కిలోల విత్తనం చల్లాలి. బాగా ఎదిగితే ఎకరాకు 8 టన్నుల దాకా పచ్చిరొట్ట వస్తుంది.

జనుము: గరువు భూములు, ఎర్ర ఇసుక నేలలు, నీరు ఇంకిపోయే మెట్టలకు మంచిది. నీరు నిలిస్తే తట్టుకోలేదు. ఎకరాకు 12 నుంచి 15 కిలోల విత్తనం కావాలి. 5, 6 టన్నుల దాకా రొట్ట వస్తుంది. నార కోసం, పశువుల మేత కోసం వేసిన అలవాటు ఉన్నందున ఉత్తరాంధ్ర రైతుకు ఇది కొత్త పైరు కాదు.

పిల్లిపెసర: పశువులున్న రైతుకు రెండు విధాలా ఉపయోగం. మేతకు ఒకసారి కోసుకుని, మళ్లీ చిగిర్చినదాన్ని కలియదున్నవచ్చు. ఎకరాకు 6 నుంచి 8 కిలోల విత్తనం చాలు. రొట్ట మాత్రం జీలుగ కంటే తక్కువ వస్తుంది.

పచ్చిరొట్ట పైరును తొలిసారి వేస్తున్న భూమి అయితే ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్ పట్టించండి. నెల రోజులకు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, వేర్లు కడిగి చూడండి. బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉండాలి. అలా ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతున్నట్టే. లోపల తెల్లగా గానీ, ఆకుపచ్చగా గానీ ఉంటే ఆ పైరు నుంచి నత్రజని పెద్దగా రాదని గ్రహించి, యూరియాను ఎక్కువగా తగ్గించకండి.

పచ్చిరొట్ట విత్తనాలను రైతు సేవా కేంద్రాల ద్వారా రాయితీపై ఇస్తుంటారు. తొలకరి పడ్డాక అడిగితే సరుకు అయిపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లోనే మీ గ్రామ వ్యవసాయ సహాయకుడిని అడిగి, ఈ ఏడాది రాయితీ ఎంత, సరుకు ఎప్పుడు వస్తుంది అన్నవి తెలుసుకుని పేరు రాయించుకోండి.

వరికి ముందు వేసేటప్పుడు

మే ఆఖరులో, జూన్ మొదట్లో పడే వానల పదునుకు దుక్కి దున్ని జీలుగ చల్లాలి. జూలై మధ్యకు పైరుకు 45 రోజులు నిండుతాయి. అప్పటికి నారుమడి కూడా సిద్ధమవుతుంది కాబట్టి జూలై ఆఖరు, ఆగస్టు మొదటి వారాల్లో నాట్లు వేసే మన ప్రాంతానికి ఈ అదను సరిగ్గా సరిపోతుంది.

మొక్కల్లో సగానికి పూత మొగ్గ కనిపించగానే కలియదున్నాలి. మడిలో రెండు అంగుళాల నీరు పెట్టి రోటవేటర్‌తో గానీ, కేజ్‌వీల్స్‌తో గానీ తొక్కించాలి. ఆ సమయంలోనే ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లితే రొట్ట బాగా కుళ్లుతుంది. ఇది అదనపు ఖర్చు కాదు. ఎలాగూ వరికి వేయాల్సిన భాస్వరంలో కొంత భాగాన్ని ముందుగా వేస్తున్నారంతే. 50 కిలోల సూపర్‌లో 8 కిలోల భాస్వరం ఉంటుంది. తర్వాత వేసే మోతాదులో అంత తగ్గించుకోండి.

తొక్కించాక కనీసం 10 రోజులు ఆగి నాట్లు వేయాలి. రొట్ట కుళ్లేటప్పుడు నేలలోని ప్రాణవాయువు తగ్గి, లేత వేర్లకు హాని చేసే వాయువులు పుడతాయి. తొందరపడి మూడో రోజునే నాటితే నారు ఎర్రబడి, ఎదుగుదల నిలిచిపోతుంది. నాటిన తర్వాత మడిలో కాలు పెడితే బుడగలు వచ్చి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే, నీరు తీసేసి నేల సన్నగా నెర్రెలిచ్చే వరకు ఆరబెట్టి మళ్లీ నీరు పెట్టండి.

అదను దాటితే ఎరువు కాదు, చెత్త

పచ్చిరొట్టలో రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. "ఇంకో పది రోజులు ఉంచితే ఇంకా ఎక్కువ రొట్ట వస్తుంది" అని ఆగుతారు. బరువు పెరిగేమాట నిజమే గానీ, ఆ బరువంతా కాడలో నారగా మారుతుంది.

నేలలో చెత్తను కుళ్లబెట్టేది సూక్ష్మజీవులు. వాటికి తిండిగా కర్బనం కావాలి, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. లేత జనుములో ఒక పాలు నత్రజనికి 15 నుంచి 20 పాళ్ల కర్బనం ఉంటుంది. అది వాటి అవసరానికి సరిపోగా మిగిలిన నత్రజని పంటకు అందుతుంది. లూసర్న్ పొడి త్వరగా పనిచేయడానికి కారణం కూడా ఇదే. ముదిరిన కాడలో కర్బనం 30 పాళ్లు దాటుతుంది. చెరకు ఎండాకులోనూ, వరిగడ్డిలోనూ అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అప్పుడు సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. రైతు యూరియా తగ్గించాల్సింది పోయి ఇంకో బస్తా వేయాల్సి వస్తుంది.

పరీక్ష చాలా సులువు. కాడను మధ్యలో వంచి చూడండి. టక్కున విరిగితే లేతగా ఉన్నట్టు. విరగకుండా నార సాగితే ముదిరినట్టు. వానల వల్ల ఆలస్యమై ముదిరిపోతే, ముక్కలుగా తెగేలా రెండుసార్లు తొక్కించి, నాట్లకు 15 నుంచి 20 రోజుల వ్యవధి ఇవ్వండి. ఆ ఏడాది యూరియా తగ్గించకండి.

తూకం వేసి లెక్క కట్టండి

కంటి అంచనాతో యూరియా మానేయడం ప్రమాదం. కలియదున్నే ముందు రోజు పొలంలో మామూలుగా ఎదిగిన చోట నాలుగు కర్రలు పాతి, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చదరం గీయండి. అందులోని మొక్కలను నేలమట్టానికి కోసి తూకం వేయండి. ఇలా మూడు చోట్ల తూచి సగటు తీయండి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఒక కిలో వస్తే ఎకరాకు సుమారు 4 టన్నులు. కిలోంపావు వస్తే సుమారు 5 టన్నులు.

ఒక టన్ను పచ్చి జనుములో గానీ జీలుగలో గానీ సుమారు 4 కిలోల నత్రజని ఉంటుంది. అంటే 5 టన్నులకు 20 కిలోలు. దాదాపు ఒక యూరియా బస్తా. కానీ ఇదంతా మొదటి పంటకే అందదు. కొంత నేలలో మిగిలి తర్వాతి పంటకు వస్తుంది, కొంత నష్టమవుతుంది. అందుకని 5 టన్నుల రొట్ట పడిన మడిలో మొదటి ఏడాది అర బస్తా యూరియా మాత్రమే తగ్గించండి. దాన్ని కూడా నాటే ముందు వేసే మోతాదులోనే తగ్గించాలి. దుబ్బు చేసే దశలో ఆకు రంగు బాగా ముదురు ఆకుపచ్చగా ఉంటే, ఆ తర్వాతి దఫా కూడా తగ్గించవచ్చు. రెండో ఏడాది మీ పొలం అనుభవాన్ని బట్టి నిర్ణయించుకోండి.

యూరియా ధరతో పోలిస్తే గిట్టుతుందా?

నిజం చెప్పాలంటే, ఒక్క నత్రజని కోసమే అయితే గిట్టదు. 45 కిలోల వేప పూత యూరియా బస్తా ప్రభుత్వ రాయితీ వల్ల 266 రూపాయల 50 పైసలకే వస్తోంది. పచ్చిరొట్ట విత్తనం, దుక్కి, తొక్కించే కూలి కలిపితే ఆ ధర దాటిపోతుంది. చాలామంది రైతులు ఒక ఏడాది వేసి మానేయడానికి కారణం ఇదే.

అయితే యూరియా నేలకు కర్బనం ఇవ్వదు. గరువు భూమిలో వారం రోజులు వాన లేకపోతే పైరు వాడిపోతోందంటే, ఆ నేలలో నీటిని పట్టి ఉంచే సేంద్రియ పదార్థం తగ్గిపోయిందని అర్థం. మీ భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే నేల బలహీనంగా ఉన్నట్టు. పశువులు తగ్గిపోయి గత్తం దొరకడం కష్టమైన రోజుల్లో, ఎకరాకు టన్నుల కొద్దీ సేంద్రియ పదార్థాన్ని పొలంలోనే పండించుకునే మార్గం పచ్చిరొట్ట ఒక్కటే. బండ్ల కిరాయి ఉండదు, ఎత్తి మోసే పని ఉండదు.

ఇంకొక మాట. సీజన్‌లో యూరియా కోసం వరుసలో నిలబడ్డ రైతుకు, ఆ బస్తా ధర కంటే అది వేళకు అందకపోవడమే పెద్ద నష్టమని తెలుసు. మడిలో పచ్చిరొట్ట పడి ఉంటే ఎరువు పది రోజులు ఆలస్యమైనా పైరు నిలదొక్కుకుంటుంది.

కర్బనం ఒక్క ఏడాదిలో పెరగదు. మూడేళ్లు వరుసగా వేసి, మళ్లీ భూసార పరీక్ష చేయించి రెండు కార్డులను పోల్చి చూడండి.

చెరకులో ఎలా?

అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో చెరకు పరిశోధన కేంద్రంగా మొదలైంది. చెరకు, బెల్లం ఈ ప్రాంతపు బతుకు. అందుకని చెరకులో పచ్చిరొట్ట వేసేటప్పుడు దిగుబడితో పాటు బెల్లం నాణ్యతను కూడా చూసుకోవాలి.

తడి పెట్టే వీలున్న తోటలో, ముచ్చెలు నాటిన వారం లోపు సాళ్ల మధ్య ఒక వరుస జనుము వేయవచ్చు. ఖాళీ చేలో వేసే విత్తనంలో సగం లోపే సరిపోతుంది. 45 నుంచి 50 రోజుల మధ్య, పూత మొగ్గకు ముందే కోసి సాళ్లలో వేసి మట్టి కప్పాలి. అంతకు మించి ఉంచితే జనుము చెరకును కమ్మేస్తుంది, పిలకలు తగ్గుతాయి.

వర్షాధారపు తోటలోనూ, వేసవిలో బోరు నీరు తగ్గిపోయే చోటా సాళ్ల మధ్య పచ్చిరొట్ట వేయకండి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఉన్న కాస్త తేమను జనుము తాగేస్తుంది. అక్కడ చెరకు ఎండాకు కప్పడమే మేలు. నాటిన మూడో రోజున ఎకరాకు టన్నుంపావు ఎండాకును సాళ్లలో పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, పీక పురుగు ఉధృతి కూడా తగ్గుతుంది. ఎండాకును తగలబెట్టకండి. పచ్చిగా నేలలో కలిపేయకుండా పైన పరిస్తే, ముందు చెప్పిన నత్రజని లాక్కునే ఇబ్బంది కూడా ఉండదు.

బెల్లం వండే రైతు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చెరకుకు నత్రజని ఆలస్యంగా అందితే తోట పక్వానికి రావడం వాయిదా పడుతుంది, రసంలో చక్కెర తగ్గుతుంది. ఆ రసంతో వండిన దిమ్మ మెత్తగా, నల్లగా వచ్చి నిల్వకు ఆగదు. పచ్చిరొట్ట అయినా, యూరియా అయినా నాటిన 90 రోజుల లోపే ముగించాలి. "సేంద్రియమే కదా" అని వానాకాలం మధ్యలో సాళ్లలో పచ్చి ఆకు కుప్పలుగా వేయడం మంచిది కాదు.

గట్ల మీద గ్లిరిసిడియా

50 రోజులు పొలం ఖాళీగా ఉంచలేని రైతుకు గట్లే ఆధారం. తొలకరిలో వేలు లావున్న గ్లిరిసిడియా కొమ్మలను మూరెడు, రెండు మూరల ముక్కలుగా నరికి గట్ల వెంట నాటండి. రెండో ఏడాది నుంచి కొమ్మలు నరుక్కోవచ్చు. దీని పచ్చి ఆకులో నత్రజని జనుము కంటే ఎక్కువ. కానుగ ఆకు కూడా మడిలో తొక్కడానికి మంచిదే. వరి మీద నీడ పడకుండా ఏటా రెండు మూడుసార్లు నరుకుతూ ఉండాలి.

ఇంటి దగ్గర లాన్ ఉన్నవారికి, కూరగాయల మడులు వేసుకునే వారికి లూసర్న్ పొడికి బదులు ఇదే పనికొస్తుంది. గ్లిరిసిడియా ఆకును గానీ, పూత ముందటి జనుము ఆకును గానీ నీడలో ఎండబెట్టి నలిపి పొడి చేయండి. సెంటు స్థలానికి 5 కిలోల చొప్పున పలచగా చల్లి నీరు పెట్టండి. మందంగా వేస్తే అట్టకట్టి బూజు పడుతుంది, కింద గడ్డి పసుపు రంగుకు వస్తుంది.

ఎప్పుడు వేయకపోవడమే మంచిది?

కాలువ నీరు ఆలస్యమై, నాట్లకు మూడు వారాలే మిగిలి ఉన్నప్పుడు పచ్చిరొట్ట మొదలుపెట్టకండి. మే వానలకు నువ్వులో, చోడో వేసి చేతికి డబ్బు తెచ్చుకునే భూమి అయితే, ఆ ఆదాయాన్ని వదులుకోకుండా గట్ల ఆకుతో సరిపెట్టుకోండి. ఊరి పశువులు, మేకలు విడిచి తిరిగే చోట ఒక్కరే వేస్తే పైరు మిగలదు. పక్క రైతులతో మాట్లాడుకుని ఒకే చోట నాలుగైదు ఎకరాలు కలిపి వేసుకోండి.

తొలిసారి వేసేవారు మొత్తం భూమిలో కాకుండా ఒక మడిలో వేయండి. పక్క మడిని ఎప్పటిలా ఉంచండి. రెండింటికీ పెట్టిన ఖర్చు, వేసిన యూరియా, వచ్చిన బస్తాలు ఒక పుస్తకంలో రాసుకోండి. మీ నేలకు ఏది సరిపోతుందో ఆ రెండు మడుల లెక్కే చెబుతుంది.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి

- పల్లానికి జీలుగ, గరువుకు జనుము, పాడి ఉంటే పిల్లిపెసర.
- పూత మొగ్గ కనిపించగానే కలియదున్నాలి. కాడ వంచితే విరగాలి, నార సాగకూడదు.
- వరి నాట్లకు కనీసం 10 రోజుల వ్యవధి ఇవ్వాలి.
- చదరపు మీటరులో తూకం వేసి, 5 టన్నులకు అర బస్తా చొప్పున యూరియా తగ్గించి మొదలుపెట్టాలి.
- చెరకులో తడి ఉంటేనే సాళ్ల మధ్య జనుము, లేకుంటే ఎండాకు. ఏదైనా 90 రోజుల లోపే.
- విత్తనం కోసం తొలకరికి ముందే రైతు సేవా కేంద్రంలో అడగాలి.